మూతమీద పేరున్న సీసాలు

హార్కిన్స్ కనుమ దారి, వర్జీనియా
ఏప్రిల్ 9, 1988

డెస్సీకి,

బతికే ఉన్నావనుకుని రాస్తున్నాను. నువ్వు నడిచి చేరబోయే ఊరి పోస్టాఫీసుకి ముందే రాస్తే, మనిషి వచ్చేదాకా ఉత్తరాన్ని అట్టే పెడతారని హోబర్ట్ చెప్పాడు. మనిషి రాకపోతేనో అన్నాను. "కొన్నాళ్ళు చూసి వెనక్కి పంపేస్తారు" అన్నాడు నవ్వుతూ. పక్కింటి వాడికి అన్నీ నవ్వులాటే. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

ముప్ఫయ్యొక్కేళ్ళు ఫ్యాక్టరీలో కూర్చుని చొక్కా కాలర్లు కుట్టినదానివి. రిటైరయ్యాక ఆడవాళ్ళందరూ కాసేపు నడుం వాలుస్తారు. నువ్వేమో అరవై రెండేళ్ళొచ్చాక వీపున మూట కట్టుకుని జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా రెండు వేల మైళ్ళు కొండల మీద నడుస్తానంటివి. నేను నాలుగో తరగతితో బడి మానేసినా ఒకటి చెప్పగలను, అంత దూరం నడవాల్సిన పని మన వంశంలో ఎవరికీ పడలేదు.

దారిలో ఎవరేం పెట్టినా తినకు. ఎవరి బండీ ఎక్కకు. నవ్వుతూ పలకరించేవాళ్ళ దగ్గర మరీ జాగ్రత్త. తిండికి నీకు కొదవ లేకుండా వేరే పెట్టెలో ఆరు సీసాలు పంపుతున్నాను: ఆపిల్ జామ్, బీట్‌రూట్ ఊరగాయ, క్యాబేజీ పచ్చడి. పగలకుండా పాత బొంత ముక్కల్లో చుట్టాను. మూతల మీద టేపు అంటించి ఎప్పటిలాగే "ఈ సీసా ఓర్ఫా కాడిల్‌ది, తిరిగి ఇవ్వాలి" అని, కింద అడ్రసూ రాశాను. అమ్మ సీసాలవి. పారేశావంటే ఊరుకోను.

జూన్ రెండో ఆదివారం మర్చిపోకు. మన పూల ఆదివారం. గుట్ట మీద అమ్మ, నాన్న, తమ్ముడు చిన్న ఎమ్మెట్ సమాధుల దగ్గర కలుపు తీసి, పూలు పెట్టి, అక్కడే అన్నాలు తినే రోజు. పనుల కోసం ఒహాయో వెళ్ళిన మనవాళ్ళు రావడం మానేశారు. నా మోకాళ్ళు ఆ గుట్ట ఎక్కి మూడేళ్ళైంది. నువ్వు రాకపోతే ఆ మూడు సమాధులూ ఈ ఏడు బోసిగా ఉంటాయి. ఆ రోజుకి మన కనుమ దగ్గరికి చేరతానని మాట ఇచ్చావు. చేరాక ఇంక నడక చాలించి ఇంట్లో ఉండు. నేను అడిగేది అదొక్కటే.

నీ పిల్లి సార్జెంట్ బెంగతో ముద్ద ముట్టడం లేదు.

నీ అక్క,
ఓర్ఫా


ఫాంటానా, నార్త్ కరోలినా
ఏప్రిల్ 22

అక్కా,

బతికే ఉన్నాను, ఆకలితో ఉన్నాను, కంపు కొడుతున్నాను. మిగతాదంతా బాగుంది.

నీ పెట్టె అందింది. ఆపిల్ జామ్ ఒక్క పూటలో ఖాళీ అయింది తెలుసా! ఊరగాయ గురించి అయితే ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

నువ్వు తినొద్దన్నావు గానీ అక్కా, తినక తప్పడం లేదు. మొన్న మూడు రోజులు ఒకటే వాన. కొండ దిగి రోడ్డు దాటే చోట ఒక ముసలాయన ట్రక్కు వెనక తలుపు దించి, పొయ్యి పెట్టి, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు గుడ్లు వేయించి పెడుతున్నాడు. ప్రతి శనివారం వస్తాడట. "ఇంత శ్రమ ఎందుకండీ?" అన్నాను. "ఇంట్లో మా ఆవిడ పొగాకు నమలనివ్వదమ్మా. పుణ్యకార్యమంటే బయటికి వదుల్తుంది" అన్నాడు. నాలుగు గుడ్లు తిన్నాను. ఇంకొక ఊళ్ళో ఒకావిడ నా తడి మేజోళ్ళు లాక్కుని వెళ్ళి ఓవెన్‌లో ఆరబెట్టి తెచ్చింది. ఒక మేజోడు కొసన కొంచెం మాడింది. దానికి ఆవిడ పడ్డ బాధ చూసి నేనే ఓదార్చాల్సి వచ్చింది.

ఇక్కడ ఎవరూ అసలు పేర్లతో పిలుచుకోరు. నడిచేవాళ్ళే ఒకళ్ళకొకళ్ళు పేరు పెట్టుకుంటారు. నాకు సీసాలమ్మ అని పెట్టారు. ఎందుకో తర్వాత చెబుతాను.

జూన్ పన్నెండుకి వస్తాను. మాట అంటే మాటే. సార్జెంట్ బెంగ పెట్టుకోడు, నీ సాసేజ్ కోసం నాటకాలాడుతున్నాడు.

నీ డెస్సీ


హార్కిన్స్ కనుమ దారి
మే 2

డెస్సీ,

ఈ ఉత్తరం చూడగానే ఎక్కడున్నదానివి అక్కడే ఆగి, పోలీసులున్న ఊరికి వెళ్ళు.

నీ మీద ముఠా పడింది. నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. గురువారం నాకొక కార్డు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అమ్మా, మీ బీట్‌రూట్ ఊరగాయ తిని మా నాయనమ్మ గుర్తొచ్చి కొండ మీద కూర్చుని ఏడ్చాను. సీసా నా దగ్గర భద్రంగా ఉంది. ఇట్లు, రెండు చెంచాలు." శనివారం ఇంకొకటి, "తడిబూటు" అనే అతని నుంచి. అతని దగ్గరా నా సీసా ఉందట. ఇవాళ మూడోది. అది "నత్త" అట. రాత చూస్తే ఆడపిల్లలా ఉంది.

అడ్రసు రాయరు, తల్లిదండ్రులు పెట్టిన పేరు చెప్పరు, నా సీసాలు మాత్రం వాళ్ళ దగ్గర ఉంటాయి. దీన్నేమంటారు? నీ చేతిలోవి లాక్కున్నారనేగా! హోబర్ట్ ట్రక్కులో పట్నం వెళ్ళి పోలీసు కుర్రాడికి మూడు కార్డులూ చూపించాను. తిప్పి తిప్పి చూసి, "పెద్దమ్మా, దొంగతనం చేసినవాడు థాంక్స్ చెబుతూ కార్డు రాయడు" అన్నాడు. అది వాళ్ళ అమ్మ పెంపకం బాగుండి, స్నేహాలు చెడి ఉండొచ్చు కదా అన్నాను. హోబర్ట్ బయటికి వెళ్ళి ట్రక్కుకి ఆనుకుని అరగంట నవ్వాడు.

ఈసారి తొమ్మిది సీసాలు పంపుతున్నాను. వాళ్ళు దోచుకోగా నీకు మూడన్నా మిగలాలి.

ఓర్ఫా


హాట్ స్ప్రింగ్స్
మే 6

అక్కా,

కుర్చీలో కూర్చుని చదువు.

నన్నెవరూ దోచుకోలేదు. నేనే పెట్టాను. నిండు సీసా ఒక్కటి శేరు పైన తూగుతుంది. ఇక్కడ జనం బరువు తగ్గుతుందని పళ్ళు తోముకునే బ్రష్షు పిడి కూడా విరిచి పారేస్తారు. తువ్వాలుని సగానికి చింపుకుంటారు. ఆరు సీసాలు వీపున వేసుకుని నేను కొండెక్కగలనా? మేం బస చేసే చోట్ల ఒక పెట్టె ఉంటుంది. ఎవరికి ఎక్కువైంది వాళ్ళు అందులో వదిలేస్తారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు. నీ సీసాలు అందులో పెట్టాను. ఒక్కోటి రుచి చూశాకే పెట్టాను, ఒట్టు.

నీకు ముందే రాయాల్సింది. నొచ్చుకుంటావని దాటేశాను.

అయితే ఒక సంగతి విను. మూత మీద నీ రాత చూసి వాళ్ళు ఆ సీసాలు పారేయడం లేదు. బ్రష్షు పిడి విరిచిపారేసిన మనుషులు ఖాళీ గాజుసీసాని మేజోడులో దోపి, మూటలో పెట్టుకుని మోస్తున్నారు. తడిబూటుని నేనే అడిగాను, "ఎందుకయ్యా ఈ బరువు?" అని. "తిరిగి ఇవ్వాలని రాసి ఉందిగా" అన్నాడు. చేతిరాత కొంచెం వాళ్ళ టీచర్‌లా భయపెట్టిందట. అందుకే నాకు ఆ పేరొచ్చింది. సీసాలావిడ చెల్లెలు సీసాలమ్మ.

ఇప్పుడు పంపిన తొమ్మిదీ అందాయి. ఏం చేశానో అడక్కు.

క్షమించు.
డెస్సీ


హార్కిన్స్ కనుమ దారి
మే 13

డెస్సీకి,

ఉత్తరం అందింది. ఇక్కడ వానలు పడుతున్నాయి. అందరం కులాసా.

ఓర్ఫా

మళ్ళీ రాస్తున్నాను. పైది పొద్దున రాసింది. ఒక రోజంతా నీతో మాట్లాడకూడదనుకున్నాను గానీ సాయంత్రానికి ఊపిరాడలేదు.

మంటపుట్టింది డెస్సీ. పొయ్యి దగ్గర నిలబడి చేసింది నీ కోసం. నీ ఒంట్లోకి పోతుందనుకున్నది ఎవరో నత్త ఒంట్లోకి పోయింది. ఆ బెంగ ఒకటి. నీ ఒంట్లోకి ఏం పోతోందన్న బెంగ ఇంకొకటి.

పచ్చడి కారం ఎక్కువైందని ఎవరైనా అన్నారా? ఆ తొమ్మిదిలో రెండిట్లో చెయ్యి జారింది. ఆ రెండు చెంచాలు అబ్బాయికి నాయనమ్మ ఉందా, పోయిందా? ఏడ్చాడన్నాడు గనక అడుగుతున్నాను, ఇంకేం లేదు.

పూల ఆదివారానికి ఇంకా నెలుంది. కాగితం పూలు చేసి మైనంలో ముంచడం మొదలుపెట్టాను. అమ్మకి పసుపు, నాన్నకి తెలుపు, ఎమ్మెట్‌కి నీలం. నాలుగేళ్ళ బిడ్డకి ఏ రంగిష్టమో ఎవరికి తెలుసు, నీలం అనుకుంటాం. నువ్వు రాకపోతే ఈ పూలు అటక మీదే ఉండిపోతాయి. వచ్చి, ఇంక ఉండిపో. మెయిన్ రాష్ట్రం నువ్వు లేకపోయినా అక్కడే ఉంటుంది.

అక్క


టోలివర్ల ఇల్లు, టెనెసీ
మే 30

అక్కయ్యా,

ఒక తప్పు చేశాను. నీకే ముందు చెబుతున్నాను.

నిన్న ఆదివారం కొండ దిగి వస్తుంటే దారి పక్కన శ్మశానం, చెట్ల కింద పొడుగాటి బల్లలు, యాభై మంది జనం. వాళ్ళ పూల ఆదివారం. తప్పుకుని పోదామనుకున్నాను. ఒకావిడ, ఐవా టోలివర్ అని ఎనభై ఏళ్ళు, గట్టిగా అరిచింది: "ఇప్పుడా రావడం! నెట్టీ కూతురివేగా నువ్వు, ఒహాయో నుంచి? ఆ గడ్డం చూస్తేనే తెలుస్తోంది!" నేను నోరు తెరిచేలోపే పక్కనున్నాయన నా మూట దించేశాడు. ఇంకొకావిడ చేతిలో పళ్ళెం పెట్టింది. కోడి, చిక్కుడు, మొక్కజొన్న రొట్టె, ఏడు పొరల కేకు. అక్కా, నాలుగు రోజులుగా నేను నూడుల్సు తింటున్నాను.

మొదటి పళ్ళెం అయ్యాక చెబుదామనుకున్నాను. రెండోది వచ్చింది. "నెట్టీ ఎలా ఉందే?" అంటే "బాగానే ఉంది" అన్నాను. బాగుండకపోతుందా అని. తర్వాత నాకొక గంప పూలిచ్చి "మీ తాతకి నువ్వే పెట్టు" అన్నారు. పెట్టాను. కలుపు కూడా తీశాను. కన్నీళ్ళు కూడా వచ్చాయి. ఎవరి తాతో, మంచివాడట, మాండలిన్ వాయించేవాడట. తర్వాత గిన్నెలన్నీ కడిగాను. రాత్రికి పక్క వేసి పడుకోబెట్టారు. ఇప్పుడు వాళ్ళ వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. వాళ్ళింకా నన్ను నెట్టీ కూతురనే అనుకుంటున్నారు. చెప్పడానికి మొహం చాలడం లేదు.

ఇక్కణ్ణుంచి మన కనుమకి వంద మైళ్ళ పైన. పన్నెండో తేదీకి సరిపోతుంది.

నీ దొంగ చెల్లెలు,
డెస్సీ


హార్కిన్స్ కనుమ దారి
జూన్ 4

డెస్సీ!

చచ్చిపోయినవాళ్ళ ముందు అబద్ధమాడి అన్నం తిన్నావా? అమ్మ వింటే ఏమంటుంది? ఆ మాండలిన్ తాత ఈపాటికి అమ్మకి చెప్పి ఉంటాడు.

వెంటనే ఐవా గారికి రాసి ఒప్పుకో. ఆ నెట్టీ నిజంగా బాగుందో లేదో కూడా కనుక్కో. నువ్వు బాగుందన్నాక ఆవిడకేదైనా అయితే ఆ పాపం నీదే.

పైగా ముక్కూమొహం తెలియని తాతకి కలుపు తీసి పూలు పెట్టావు. మంచిదే. మనవాళ్ళకి ఎవరు పెడతారు? హోబర్ట్ పెడతాననేవాడే, అతనికి నడుం పట్టేసింది. ట్రక్కు గుట్ట కింద దాకానే పోతుంది. నేను నిన్న ప్రయత్నించాను, నీకు చెప్పకూడదనుకున్నాను. మొదటి మలుపు దగ్గరే బండ మీద కూర్చుండిపోయాను. అక్కణ్ణుంచి మూడు రాళ్ళలో ఒక్కటే కనపడుతుంది, అదీ సగం. గడ్డి అంత పెరిగింది.

శనివారానికల్లా వచ్చెయ్యి. ఇద్దరికీ సరిపడా వండుతాను. వాన పడితే కొండ మీద జారుతుంది, మెల్లగా దిగు. కానీ త్వరగా రా.

అక్క


టెనెసీ
జూన్ 9, గురువారం

అక్కా,

ముందు ఇది చదువు: నేను బాగున్నాను.

ఇప్పుడు మిగతాది. మడమ మీద బొబ్బ చితికి చీము పట్టింది, మోకాలి దాకా వాచింది. సోమవారం మా దారి రోడ్డు దాటే చోట కూలబడ్డాను. జేబులో ఐవా గారు రాసిచ్చిన ఫోన్ నంబరుంది. రోడ్డు పక్క కొట్లోంచి సిగ్గు చంపుకుని చేశాను. వాళ్ళబ్బాయి రెండు గంటలు ట్రక్కు తోలుకుంటూ వచ్చి ఎత్తుకెళ్ళాడు. దారిలోనే ఏడుస్తూ ఒప్పుకున్నాను, "నేను నెట్టీ కూతుర్ని కాదండీ" అని. అతను రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా "తెలుసండీ" అన్నాడు. "గిన్నెలు కడిగారు కదా, అప్పుడే అమ్మ అంది. మా వాళ్ళల్లో ఒహాయో నుంచి వచ్చి గిన్నె కడిగిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు."

క్లినిక్‌లో నర్సు "ఈవిడ మీకేమవుతారు?" అని కాగితం ముందు పెట్టుకుని అడిగింది. ఐవా గారు "మా మనిషే, రాసుకో" అంది.

డాక్టరు మంగళవారం దాకా కాలు కింద పెట్టొద్దన్నాడు. పెడితే కాలు మీద ఆశ వదులుకోవాలన్నాడు. అందుకని ఆదివారం రాలేను. మాట ఇచ్చి తప్పడం ఇదే మొదటిసారి. రెండు రోజుల్నుంచి దీనికే ఏడుస్తున్నాను.

కానీ ఒక ఏర్పాటు చేశాను. నడిచేవాళ్ళు రాత్రి తలదాచుకునే గుడిసెల్లో నోటు పుస్తకాలుంటాయి, వచ్చినవాళ్ళు ఏదో ఒకటి రాసి పోతారు. హాట్ స్ప్రింగ్స్ నుంచి ప్రతి పుస్తకంలో నేనిది రాస్తూ వచ్చాను: "మా అక్క సీసాలు ఉన్నవాళ్ళు జూన్ 12 ఆదివారం హార్కిన్స్ కనుమ దగ్గర దిగండి. రెండు మైళ్ళు. సీసా ఇవ్వొచ్చు, గుట్ట మీద మా వాళ్ళ సమాధులకి కలుపు తీసే పనుంది, అన్నం ఉంటుంది. తిడుతుంది, భయపడకండి." అప్పట్లో నాకు తోడుగా ఉంటారని రాశాను. ఇప్పుడు వాళ్ళే దిక్కు.

ఈ ఉత్తరం వేళకి అందదేమోనని, నీకు ఫోన్ లేదు గనక మన ఊరి కొట్టుకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కొట్టతను రాసుకుంటున్నానన్నాడు. కాబట్టి మనుషులు వస్తే కంగారు పడకు.

డెస్సీ


హార్కిన్స్ కనుమ దారి
జూన్ 13, సోమవారం

డెస్సీ,

నీ తొమ్మిదో తేదీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. వచ్చి ఏం లాభం?

శనివారం సాయంత్రం హోబర్ట్ కొట్టు నుంచి ఒక కాగితం సంచీ తెచ్చాడు. దాని మీద కొట్టతను పెన్సిలుతో నాలుగు మాటలు రాశాడు: "డెస్సీ రాదు. మనుషులు వస్తారు." అంతే. తక్కినదంతా ఏమైందని అడిగితే, అప్పుడే ఎవరో మేకులు కొనడానికి వచ్చారట.

ఈ లోయలో నలుగురు మనుషులు కలిసి ఒక ఇంటికి ఎప్పుడొస్తారు? గని కూలినప్పుడు నాన్న కోసం అలాగే వచ్చారు. నీకప్పుడు ఆరేళ్ళు, గుర్తుండదు. నాకు గుర్తుంది. టోపీలు చేతిలో పట్టుకుని వచ్చారు. నేను ఆ సంచీని మళ్ళీ మళ్ళీ చదివాను. తెల్లవార్లూ వంట చేశాను. ఎందుకంటే మనుషులు దేనికొచ్చినా వాళ్ళకి అన్నం పెట్టాలి, అమ్మ అప్పుడూ అదే చేసింది. పొద్దున్నే నల్ల గౌను వేసుకుని అరుగు మీద కూర్చున్నాను. సార్జెంట్ కూడా ఒళ్ళో కదలకుండా కూర్చున్నాడు.

పది గంటలకి దారి మలుపులో గాజు చప్పుడైంది. గలగలా గలగలా. తర్వాత వాళ్ళు కనపడ్డారు, పదకొండు మంది. గడ్డాలు, చిరుగు లాగులు, వీపున మూటలు. అందరికంటే పొడుగ్గా ఉన్న అబ్బాయి గేటు దగ్గర ఆగి టోపీ తీశాడు. నా ప్రాణం అక్కడికక్కడే పోయింది.

"ఎక్కడ పడుకోబెట్టారు దాన్ని?" అన్నాను.

"ఎవరినమ్మా?"

"నా చెల్లెల్ని!"

అతను పక్కవాళ్ళ వైపు చూశాడు. "సీసాలమ్మనా? మంచం మీదే ఉన్నారమ్మా. టెనెసీలో ఎవరో చుట్టాలింట్లో. కాలు వాచింది. మొన్న దారిలో, ఆవిడ ఒక కొట్లో వదిలిపోయిన నంబరుకి నేను ఫోన్ చేస్తే, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడారు. ఆపిల్ పై అనుకుంటా."

నేను లేచి అతన్ని కొట్టాను. గట్టిగా కాదు, భుజం మీద. "ఆ టోపీ ఎందుకు తీశావురా మరి!" అన్నాను. "పెద్దవాళ్ళ ముందు తీయాలని మా నాయనమ్మ చెప్పిందండీ" అన్నాడు. అతనే రెండు చెంచాలు. నాయనమ్మ ఉంది డెస్సీ, పోలేదు! ఆయువు గట్టిది. ఊరికే ఏడ్చాడు.

తర్వాత ఒక్కొక్కళ్ళూ మూట విప్పి, మేజోడులోంచి సీసా తీసి అరుగు మీద పెట్టారు. పదిహేనూ వచ్చాయి. ఒక్కటీ పగల్లేదు. ఒక్కటీ ఖాళీగా లేదు! "ఖాళీ సీసా తిరిగివ్వకూడదని సీసాలమ్మ చెప్పారు" అంది ఆ నత్త. బక్కపిల్ల, పంతొమ్మిదేళ్ళుంటాయి. కానీ వాళ్ళ దగ్గరేముంది పాపం? ఒకదాన్లో దారిలో కోసిన అడవి స్ట్రాబెర్రీలు, ఇన్నే ఇన్ని. ఒకదాన్లో ఊట నీళ్ళు. ఒకదాన్లో మూడు చాక్లెట్లు. తక్కినవన్నీ పూలు, డెస్సీ. కొండ లారెల్, తెల్ల చామంతి, నిప్పు రంగువి కూడా.

గుట్ట ఎక్కలేనని చెప్పాను. తడిబూటు, నత్త నా వంటింటి కుర్చీని రెండు కర్రలకి కట్టారు. "ఎక్కండమ్మా, మా మూటల కంటే బరువుండరు" అన్నాడు తడిబూటు. పడేస్తారు, పడేస్తారని దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాను. హోబర్ట్ కింద నుంచి "అమ్మమ్మ ఊరేగింపు!" అని కేకలు. మూడేళ్ళ తర్వాత అమ్మ ముందు కూర్చున్నాను.

రెండు గంటల్లో కలుపంతా తీశారు. నా సీసాల్నే రాళ్ళ ముందు వరసగా పెట్టి, ఊట నీళ్ళు పోసి, పూలుంచారు. అమ్మ సీసాలు అమ్మ దగ్గరికే వచ్చాయి. నా కాగితం పూలు కూడా పెట్టాం. ఎమ్మెట్‌కి నత్త పెట్టింది. "ఎన్నేళ్ళు?" అంది. చెప్పాను. తన మెడలోని నీలం రుమాలు విప్పి ఆ చిన్న రాయికి కట్టింది. ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకి నీలం అని.

తర్వాత తిన్నారు. నేను ఇంతమంది తినడం చూశాను గానీ ఇలా తినడం చూడలేదు. చివరికి గిన్నె అడుగున రొట్టెతో తుడిచారు. కడిగేవే లేవు.

తాళం రెండుసార్లు చూసుకోకుండా నిద్రపోయాను.

నీ కాలు ఎలా ఉంది? ఐవా గారికి ఏం పంపాలి? ఆవిడకి ఊరగాయ పడుతుందా?

అక్క


టెనెసీ
జూన్ 17

అక్కా,

నీ ఉత్తరం ఐవా గారికి చదివి వినిపించాను. కుర్చీ దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. ఊరగాయ పడుతుందట, పంపకపోతేనే పడదట. నెట్టీ కూడా బాగానే ఉందట, కనుక్కున్నాను.

కాలు నయమైంది. మంగళవారం వాళ్ళబ్బాయి నేను కూలబడిన చోటే దింపుతాడు. అక్కణ్ణుంచి ఐదు రోజుల్లో ఇంట్లో ఉంటాను.

ఆగిపోతాను అక్కా. నువ్వు ఏప్రిల్ నుంచి అడుగుతున్నది అదొక్కటే. నాన్న కోసం వచ్చిన మనుషుల సంగతి నాకు తెలియదు. ఆ రాత్రంతా నువ్వు వండిన వంట గురించే ఆలోచిస్తున్నాను. మళ్ళీ నీకు అలాంటి రాత్రి రానివ్వను. ఐదు వందల మైళ్ళు నడిచాను, నా కాళ్ళకి అది చాలు. చాలనే అనుకుంటున్నాను.

డెస్సీ


హార్కిన్స్ కనుమ దారి
జూన్ 21

డెస్సీకి,

ఇది ఐవా గారింటికి రాస్తే నిన్ను అందుకోదు కాబట్టి కనుమ దగ్గర గుడిసెలో నోటు పుస్తకంలో పెట్టి రమ్మని హోబర్ట్‌కి ఇస్తున్నాను. నడుం ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్నా వెళ్తానన్నాడు. ఇంటికి రాకముందే ఇది చదువు.

ఒక చిక్కొచ్చి పడింది. నిన్న హోబర్ట్ గుట్ట మీది సీసాలు కిందికి తెస్తే కడిగాను. నేను పంపినవి పదిహేను. పదహారున్నాయి.

ఆ పదహారోది నాది కాదు. పాత నీలం గాజు, జింకు మూత. మూత మీద టేపు. దాని మీద నా కంటే అధ్వాన్నమైన రాతతో "మ్యూరియల్ థేయర్, వెర్మాంట్. సీసా తిరిగి ఇవ్వాలి." రెండు చెంచాలు నిరుడు ఆ పై రాష్ట్రాల్లో నడిచాడట కదా. అప్పుడు ఆవిడ ఏదో పెడితే తిని, మళ్ళీ అటు వెళ్ళే పని లేక, ఈ సీసా మోసుకు తిరుగుతున్నాడు. నా వాటిలో కలిపి పెట్టేసి పోయాడు.

నేనెవరో ఆవిడకి తెలియదు. ఏడాదిగా ఆవిడ అలమరలో ఒక సీసా తక్కువై ఉంటుంది. ప్రతి శరదృతువులో జామ్ పోస్తూ అది గుర్తొస్తుంది, నాకు తెలుసు. పరాయి మనిషి సీసా ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. పోస్టులో పంపకూడదు, పగులుతుంది. (నేను పంపిన పదిహేను పగల్లేదని నువ్వు అనకు.) అయినా సీసా అనేది చేత్తో ఇవ్వాలి.

హోబర్ట్ పటం చూశాడు. ఆవిడ ఊరు మీ దారి మీదే ఉందట. ఇక్కణ్ణుంచి పదకొండు వందల మైళ్ళట. ఇటు నుంచి అటు నడిచి వెళ్ళే మనిషి నాకు తెలిసినంతలో నువ్వొక్కదానివే.

కాబట్టి ఇంటికి రా, వారం రోజులు తిను, కాలు నాకు చూపించు. తర్వాత బయల్దేరు. దారిలో ఎవరైనా పిలిచి పెడితే తిను, గిన్నెలు మాత్రం కడుగు. వెర్మాంట్ దాటాక మెయిన్ రాష్ట్రం ఇంకెంతో లేదంటున్నాడు హోబర్ట్. అంత దూరం వెళ్ళి అది చూడకుండా రావడం ఏం మర్యాద?

ఖాళీ సీసా ఇవ్వకూడదు గనక ఎండబెట్టిన చిక్కుళ్ళు పోశాను. తేలిగ్గా ఉంటాయి, తూచి చూశాను.

వానలో జారుతుంది. మెల్లగా నడు.

నీ అక్క,
ఓర్ఫా